జాగ లేనోళ్ల చెట్టు

ఈ పొద్దున మేడ మీద బత్తాయి చెట్టు మొదట్లో కొత్త చిగురొకటి కనిపిస్తే గోటితో గిల్లేశాను. స్నానం చేశాను, బడికి వెళ్లాను, సుద్దముక్కతో రెండు బోర్డులు నింపాను. అయినా మధ్యాహ్నం అన్నం ముద్ద నోటి దగ్గరికి తెచ్చేసరికి వేలికి ఇంకా అదే ఘాటు. జంబేరి నిమ్మ చిగురు వాసన అంత తొందరగా పోదు. అది తగిలితే చాలు, బుచ్చమ్మ అవ్వ పక్కన నిలబడి "చూస్తవేంది, తియ్యి" అని గదమాయిస్తున్నట్టే ఉంటుంది నాకు.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను టీచరుగా నల్లగొండకు వచ్చి ఈ మేడ మీద గది కిరాయికి తీసుకున్నాను. పక్క గదిలో అవ్వ ఒక్కతే ఉండేది. బతుకంతా నర్సరీలో బత్తాయి అంట్లు కట్టిన మనిషి. జంబేరి మొక్క మొండిది, కరువుకు ఓర్చుకుంటుంది, కాయ మాత్రం నోట్లో పెట్టలేం. అందుకని దాని కాండానికి గాటు పెట్టి బత్తాయి కన్ను, అంటే మొగ్గ ఉన్న బెరడు ముక్క, అతికిస్తారు. అది చిగురించాక జంబేరి తల కోసేస్తారు. వేరు ఒకరిది, కాయ ఒకరిది. హాలియా దాకా ఎన్ని తోటలు ఆమె చేతి కట్టుతో లేచాయో లెక్కలేదు. ఆమెకు మాత్రం సెంటు భూమి లేదు. తనదని చెప్పుకునే చెట్టు కాయ ఒక్కటైనా తిని పోవాలన్నది ఆమె కోరిక.

ఇంకా కాపుకు రాని ఆ చెట్టు మేడ మీద ఉండేది, సిమెంటు మోసిన పాత ఇనుప గమేళాలో. అడుగున మేకుతో చిల్లులు పొడిచింది. ఏటా తొలకరికి ముందు దాన్ని మట్టిగడ్డతో సహా పైకి లేపి, చుట్టూ వేర్లు కత్తితో కోసి, ఎర్రమట్టి, పాత పశువుల ఎరువు కలిపి మళ్లీ కూర్చోబెట్టేది. మూడు జానలకు మించనిచ్చేది కాదు. "అవ్వా, దీన్ని బోన్సాయ్ అంటారు, పట్నంలో వేలు పోసి కొంటారు" అని ఒకరోజు నా తెలివి చూపించాను.

"ఏమో బిడ్డా. గిది జాగ లేనోళ్ల చెట్టు. మన జాగ ఎంతనో దానికి జర చెప్పుకోవాలె, గంతే" అంది.

అవ్వకు తీపి మాటలు రావు. బోర్లు ఎండిన రైతొకాయన ఓసారి తన తోటలోని బత్తాయి కొమ్మ పట్టుకొచ్చి, "బతుకుతదా?" అని అడిగాడు. బెరడు గీకి చూసి, "బతకది. కొట్టేసుకో" అంది. ఆయన వెళ్లాక, కొంచెం మెల్లగా చెప్పొచ్చు కదా అన్నాను. "మెల్లగ చెప్తే ఇంకో బోరు ఏపిస్తడు" అంది. నాకు ఒళ్లు మండింది.

కూతురి కాన్పుకని అవ్వ మహబూబ్‌నగర్ అవతలి కోస్గికి వెళ్తూ చెట్టు నాకు అప్పగించింది. "కట్టు కిందికెల్లి వచ్చే చిగురు వచ్చినప్పుడే గిల్లెయ్యి. యాదుంచుకో" అంది. యాదుంది. చెయ్యి మాత్రం రాలేదు. పైన బత్తాయి ఆకులు రాలుస్తుంటే కింద నిగనిగలాడుతూ చిగురు లేచింది. బడిలో చదువురాని పిల్లాడు ఒక్కసారిగా చదవడం మొదలుపెడితే ఎట్లా మురిసిపోతానో అట్లా మురిసిపోయాను. చెట్టుకు ప్రాణం వచ్చిందనుకుని ఇంకో చెంబు నీళ్లు కూడా పోశాను. మూడు నెలల్లో అది వేరు బలమంతా లాక్కుని నిలువునా పెరిగింది. బత్తాయి ఎండిపోతూ వచ్చింది.

అవ్వ తిరిగొచ్చేసరికి చూపు బాగా తగ్గింది. చెట్టును చేత్తో తడిమింది. ముల్లు గుచ్చుకుంది.

"గిది జంబేరి. నా బత్తాయేది?"

ఆమె చెయ్యి పట్టుకుని ఎండిన కొమ్మ మీద పెట్టాను.

"నువ్వే సంపినవ్ బిడ్డా. ముద్దు చేసి సంపినవ్" అంది. కేకలేసినా బాగుండేది.

వెతకగా వెతకగా పైన ఒక్క పుల్లలో పచ్చదనం మిగిలింది. దానికి రెండు కన్నులు. ఆమె చూపు ఆనదు, చేతులు వణుకుతున్నాయి. కత్తి నా చేతిలో పెట్టింది. "నువ్వు పెంచినవ్ గదా గా జంబేరిని. దాని మీదనే కట్టు."

మొదటి కన్ను కోస్తుంటేనే చిట్లింది. ఈసారి తిడుతుందనుకున్నాను. "ఇంకోటుంది" అంది, అంతే. అప్పటినుంచి బోర్డు దగ్గర లెక్క తప్పి బిక్కచచ్చిన పిల్లలకు నేనూ అంతకు మించి చెప్పను. రెండోదాన్ని ఎండనివ్వకుండా పెదాల మధ్య పట్టుకున్నాను. బెరడు మీద గాటు పెట్టి, అంచులు లేపి, కన్ను లోపలికి జార్చి, ప్లాస్టిక్ పీలికతో చుట్టాను. అవ్వ వేళ్లతో తడిమి, "బిగుతు చాలది" అని రెండుసార్లు విప్పించింది. మూడు వారాల తర్వాత విప్పితే కన్ను పచ్చగా ఉంది. ఆమె దాన్ని తాకి చూసి, కళ్లు తుడుచుకుని, "టీ పెట్టు" అంది.

తర్వాత దవాఖానలో ఇక చూపు రాదన్నారు. కూతురొచ్చి కోస్గికి తీసుకెళ్లింది. వాళ్ల ఇరుకింట్లో గమేళాకు చోటు లేదు. "పైలం" అని జాగ్రత్త చెట్టుకు చెప్పిందో నాకు చెప్పిందో తెలియదు.

మూడో ఏడు ఒక్క కాయ నిలిచింది. పండాక రెండు బస్సులు మారి తీసుకెళ్లాను. మంచంలో ఉన్న అవ్వ లేచి కూర్చుంది. తొక్క మీద వేళ్లు తిప్పింది, వాసన చూసింది, తనే ఒలిచింది. ఒక తొన నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది.

"ఎట్లుందవ్వా?"

"తియ్యగుంది బిడ్డా. నీ చెయ్యి మంచిది."

సగం తిని, వద్దన్నా వినకుండా మిగతా సగం నా సంచిలో వేసింది. మహబూబ్‌నగర్ బస్సులో కూర్చున్నాక తిన్నాను. చప్పగా ఉంది, పీచులాగా ఉంది, రసమే లేదు. లేత చెట్టు తొలి కాయ అట్లాగే ఉంటుందని ఆమెకు తెలియకపోవడమా! ఎవరి ముఖం మీదైనా ఉన్నదున్నట్టు చెప్పే మనిషి, బతుకంతా ఎదురుచూసిన కాయ చప్పగా దొరికితే, నాకోసం అబద్ధమాడింది. పక్క సీటు ఆమె ఏమైందని అడుగుతున్నా వినకుండా ఏడ్చాను.

ఆ ఎండాకాలమే అవ్వ పోయింది. మరుసటి ఏడు నుంచి చెట్టు నిజంగానే తియ్యటి కాయలు కాస్తోంది. తిన్నవాళ్లందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఒలిచిన ప్రతిసారీ ఆ చప్పటి సగం కాయే కావాలనిపిస్తుంది.