లెస్ అనే తోక

డిగ్రీ చదువుతున్న ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు మాటలు మాటలుగా కనిపించేవి కావు, ముక్కలుగా కనిపించేవి. తిరుపతిలో నేను వెళ్ళే స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో ఒక సారు, ప్రతి పెద్ద మాటకూ ఒక మొండెం, ముందు తల, వెనక తోక ఉంటాయని చెప్పి, బోర్డు మీద వాటిని విడదీసి మళ్ళీ అతికించేవారు (ఆయనకు తెలియకుండా మేం ఆయన్ని తోకల సారు అనేవాళ్ళం). హ్యాపీకి ముందు 'అన్' చేరిస్తే సంతోషం పోతుంది. కేర్ వెనక 'లెస్' తగిలిస్తే జాగ్రత్త పోతుంది. ఇంత చిన్న ముక్క అంత మాటను తలకిందులు చేస్తుందంటే నాకేదో మంత్రం దొరికినట్టుండేది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దారిపొడవునా బోర్డుల మీది మాటలు విప్పుకుంటూ దిగాల్సిన స్టాపు దాటిపోయేదాన్ని.

శ్రీకాళహస్తిలో మా మేనత్త కలంకారీ వేసేది. ఆ వేసవి సెలవులకు ఆమె దగ్గరే ఉన్నాను. అమ్మకానికని అత్త వేసిన గుడ్డ ఒకటి వసారాలో వేలాడుతుండేది. రాముణ్ణి పడవలో గంగ దాటిస్తున్న గుహుడు. (ఆ గుహుడికి చనిపోయిన మా మామ మీసాలు పెట్టిందని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు.) ఒక మధ్యాహ్నం చెన్నై నుంచి ఒక పెద్దావిడ వచ్చి, దాని ముందు చాలాసేపు నిలబడి, మెల్లగా "ప్రైస్‌లెస్" అంది.

"ఏమంటా ఉండాది పాపా ఆయమ్మ?" అని అత్త నన్నడిగింది. ఇంగ్లీషు వచ్చిన మేనకోడలు పక్కనున్నందుకు ఆమె ముఖంలో ఎంత గర్వమో. నేను ఆ మాటను లోలోపల విప్పాను. ప్రైస్ అంటే వెల, లెస్ అంటే లేదు, అంటే యూజ్‌లెస్‌కు చెల్లెలే. (తోకలన్నీ ఒకేలా ఊగవని సారు ఇంకా చెప్పలేదు.) నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"దీనికి విలువే లేదంటుండాది అత్తా."

అత్త గుడ్డను దించి మడత పెట్టసాగింది. పెద్దావిడ కంగారుపడి ఏమైందని అరవంలో అడిగింది. మా వైపు అరవం రానివాళ్ళు తక్కువ, అత్త అరవంలోనే నా అనువాదం వినిపించింది. ఆవిడ నవ్వాపుకుని, తానన్నది వెల కట్టలేనంత గొప్పదని, అత్త చేతులు పట్టుకుని చెప్పింది. నేను నీళ్ళ బిందె వెనక దాక్కుందామనుకున్నాను (బిందె మరీ చిన్నది).

ఇక బేరం కుదిరినట్టే అనుకున్నాను. కానీ అత్త మడత విప్పి, ఆ మీసాలను వేలితో తడిమి, నాతో అంది.

"వెల కట్టేకి కాదంట గదా పాపా. ఇంగ దీన్నెట్ట అమ్మేది?"

పెద్దావిడకు ఆ మాట అర్థమైంది కాబోలు, బలవంతపెట్టలేదు. నెమళ్ళున్న మరో గుడ్డ తీసుకుని, పోతూ పోతూ నా బుగ్గ తట్టింది.

ఇప్పుడు నా ఉద్యోగమంతా ఇంగ్లీషులోనే. పొద్దుటినుంచి మాటలు కళ్ళ ముందు సాఫీగా సాగిపోతుంటాయి, ఒక్కటీ ఆగి తన లోపలేముందో చూపించదు. అన్నీ తెలిసినట్టు అనువాదం చెప్పిన ఆ పిల్లే నాకంటే ఇంగ్లీషును ఎక్కువ ప్రేమించిందేమో అనిపించి, నాలో నేనే నవ్వుకుంటాను.