కుడి మూల

హోటల్లో గది బుక్ చేశానని చెప్పగానే మా నాయన అడిగిన మొదటి మాట, "ఏ గోడ పక్క?" అని. వేరేవాళ్లయితే సముద్రం కనిపిస్తుందా, పొద్దున టిఫిన్ వాళ్లే పెడతారా అని అడుగుతారు. ఆయనకు అది హోటల్ కాదు, గోడలు. ఆ గోడలకు సున్నపు గార పూసిన మేస్త్రీ ఆయనే.

మద్రాసు తీరంలో ఆ తెల్లమేడకు చాలా కథలున్నాయి. మొదట ఎవరో దొర కట్టుకున్న ఇల్లట. తరువాత ఓడలు దిగిన పెద్దమనుషులు బస చేసే హోటలైంది. యుద్ధం రోజుల్లో సిపాయిలు ఉన్నారు. ఒక జమీందారు తన ఏనుగుకు కూడా గది కావాలని మేనేజరుతో తగువు పడ్డాడని చెబుతారు. ఆ తరువాత ఏళ్ల తరబడి తాళం పడి, పావురాలే అతిథులయ్యాయి. కొత్త యజమానులు దాన్ని మళ్లీ నిలబెట్టాలనుకున్నప్పుడు సిమెంటు పనికిరాదన్నారు. పాతకాలపు గారే కావాలి. గుల్ల సున్నాన్ని కరక్కాయ నీళ్లలో, బెల్లం నీళ్లలో నానబెట్టి, వెన్నలా నూరి, ఆఖరి పూతలో పెరుగూ గుడ్డు తెల్లసొనా కలిపి, తడి ఆరకముందే నున్నటి రాయితో గంటల తరబడి రుద్దితే గోడ అద్దమవుతుంది. ఆ పని తెలిసినవాళ్ల కోసం వెతుక్కుంటూ వాళ్లు తొండియార్‌పేటలో మా సందు దాకా వచ్చారు. కారు సందులో పట్టక వీధి మొదట్లోనే దిగి నడిచారు. ఆ సంగతి మా నాయన ఇప్పటికీ కొత్తవాళ్లు కనబడితే చాలు చెబుతాడు, నేను విసుక్కున్నట్టు నటిస్తూ వింటాను.

మా అమ్మదీ అదే పని, కానీ కింద. సున్నం నూరడం, తట్టకెత్తడం, నిచ్చెన మీదున్న ఆయనకు అందించడం. నలభై ఏళ్లు అందించింది. నున్నరాయి మాత్రం ముట్టనివ్వలేదు. మా ముఠాలో ఆడవాళ్లు రాయి పట్టే ఆచారం లేదు. దానికితోడు మా అమ్మది ఎడం చేతి వాటం. కాపురానికి వచ్చిన కొత్తలో ఎడం చేత్తో కూర వడ్డించబోతే మా నాయనమ్మ గరిటె లాక్కుని చేతి మీద ఒకటి వేసిందట. ఎడం చేయి తగిలితే గోడ కూడా నిలబడదని మా తాత అనేవాడు. మా నాయన ఆ మాటను తాపీతో పాటే వారసత్వంగా తెచ్చుకున్నాడు.

హోటల్ పని ముగియడానికి ఇంకా రెండు నెలలున్నాయనగా పరంజా మీది తడి పలక మీద కాలు జారి ఆయన చీలమండ విరిగింది. సముద్రానికి ఎదురుగా ఉన్న పెద్ద హాల్లో వెనక గోడ సగం మాత్రమే అయింది. మంచం మీద నుంచే రోజూ అడిగేవాడు, మిగతా సగం ఎవరు చేస్తున్నారని. "కారైకుడి మేస్త్రీలు వచ్చినారులే, నువ్వు పండుకో" అని మా అమ్మ చెప్పేది.

గార పనికి పేరున్న ఆ కారైకుడి నుంచి ఎవరూ రాలేదు. ముఠావాళ్లు వేరే గదుల్లో ఉండగా, ఆ హాలు తలుపు వేసుకుని రాయి పట్టింది మా అమ్మే. ఆ వారాల్లో మా అమ్మ ఎడమ మోచెయ్యి వాచిపోయి, సున్నానికి అరచెయ్యి పొక్కిపోయి ఇంటికి వచ్చేది. షోళింగనల్లూరులో ఆఫీసు ముగించుకుని, క్యాబ్ దిగి ఇంటికి చేరగానే ఆ చేతికి కొబ్బరినూనె రాసింది నేనే. అందుకే నాకొక్కదానికే తెలుసు.

"మీ నాయనకి తెలిసిందంటే గోడంతా గీకి మళ్లా పూయమంటాడు. నువ్వు నోరు తెరవద్దు" అని ఒట్టు వేయించుకుంది.

నా నోట్లో నువ్వుగింజ నానదు. అయినా మూడేళ్లు నానబెట్టాను. ఆ గోడ ఆయన చూడాలి, చూసి ఒక్క మాట అనాలి. అది నా చెవులతో వినాలి. నేను చెప్పనని ఒట్టు వేశాను గానీ, గది బుక్ చేయనని వేయలేదు కదా.

శనివారం మధ్యాహ్నం వెళ్లాం. మా అమ్మ పెట్టెలోంచి తీసిన పట్టుచీర కట్టింది. తెల్ల సోఫా మాస్తుందని కూర్చోకుండా నిలబడింది. మా నాయన వెళ్లినచోటల్లా వేళ్ల కణుపులతో గోడలు కొట్టి చూస్తున్నాడు. లోపల బోలు ఉంటే మోత మారుతుంది, అది ఆయన పరీక్ష. సూటు వేసుకున్న ఒకాయన కంగారుగా వచ్చి, ఏమైనా ఇబ్బందా సార్ అని తమిళంలో అడిగాడు.

"ఏం లేదప్పా. చానా దినాలైంది గదా, పలకరిస్తా ఉండా" అన్నాడు మా నాయన తెలుగులోనే. ఆ సూటాయనకు అర్థమైందో లేదో గానీ నవ్వి, మా ముగ్గురికీ కొబ్బరి నీళ్లు తెప్పించాడు. ఆ మేడలో మా నాయనను సార్ అని పిలవడం విని నాకు ఒళ్లంతా పొంగింది. దాచుకోవడం ఎందుకు.

సాయంత్రం అతిథులకు మేడ చరిత్ర చూపించే అమ్మాయి వచ్చింది. దొర కథ, ఏనుగు కథ అన్నీ చెప్పి సముద్రపు హాల్లోకి తీసుకువెళ్లింది. మా నాయన ఆమె మాట వినడం మానేసి వెనక గోడ దగ్గరికి వెళ్లాడు. ఎడమ కొస నుంచి అరచేత్తో తడుముకుంటూ నడిచాడు. తన సగం ఎక్కడ ఆగిందో, ఎదుటివాడి సగం ఎక్కడ మొదలైందో అతుకు కోసం వెతుకుతున్నాడని నాకు తెలుసు. మా అమ్మ కిటికీ దగ్గర నిలబడి సముద్రం చూస్తోంది. చూస్తున్నది సముద్రం కాదని వేరే చెప్పాలా.

అతుకు దొరకలేదు. గోడ కుడి మూల దాకా వెళ్లి అక్కడ ఆగిపోయాడు.

గార పనిలో కుడి మూలంటే అందరికీ భయమే. కుడి చేత్తో రాయి తిప్పుతుంటే మోచెయ్యి పక్కగోడకు తగులుతుంది. జోరు తగ్గి, అక్కడ గోడ మెరుగెక్కకుండా మసకగా మిగులుతుంది. మా నాయన చేసిన ప్రతి ఇంట్లోనూ కుడి మూల ఒక జానెడు మసక ఉంటుంది. ఆ మూల దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆయన తిట్టే తిట్లు వింటూనే నేను పెరిగాను.

ఇక్కడ ఆ మూల మిగతా గోడలాగే మెరుస్తోంది.

"ఎవుడో గానీ కారైకుడాయన చెయ్యే చెయ్యి. ఈ మూల ఎట్ట చేసినాడబ్బా" అన్నాడు. గొంతులో అసూయ లేదు, నిజంగా భక్తి ఉంది. "ఆయప్ప యాడుంటాడో కనుక్కో పాపా. ఒకతూరి పోయి చూసొస్తాం."

మా అమ్మ నా వైపు చూసింది. నేను నాలుక కరుచుకున్నాను, నిజంగానే నొప్పి పుట్టింది.

తెల్లవారి ఐదున్నరకు మా నాయన మంచం ఖాళీగా ఉంది. పనిరోజుల అలవాటు, ఆ వేళకు పడుకోలేడు. కిందికి వెళ్లి చూస్తే హాల్లో ఒక్కడే ఉన్నాడు. సముద్రంలోంచి ఒక ఓరగా పొద్దు పైకి వస్తోంది. ఆ వేళ వెలుతురు కిటికీల్లోంచి ఏటవాలుగా గోడను ఒరుసుకుంటూ పడుతుంది. పగలు ఎంత వెతికినా కనబడని రాయి జాడలు అప్పుడు సన్నగా తేలతాయి. ఎడమ సగంలో జాడలన్నీ కుడివైపుకు వాలి ఉన్నాయి. కుడి సగంలో ఎడమవైపుకు వాలి ఉన్నాయి.

ఆయన గోడకు చేయి ఆనించకుండా, గాలిలో ఆ జాడల వెంట కుడి చేయి తిప్పి చూశాడు. కుదరలేదు. చేయి మార్చి ఎడం చేత్తో తిప్పాడు. కుదిరింది.

"పాపా, కారైకుడి నుంచి ఎవురన్నా వచ్చినారా?" అని నా వైపు తిరగకుండానే అడిగాడు.

ఒట్టు గుర్తుంది కాబట్టి నేను మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడమే ఆయనకు జవాబు అయిపోయింది. నేను నోరు మూసుకుని ఉండటం ఆయన ఎన్నడు చూశాడు గనుక.

అక్కడే ఉన్న కుర్చీలో కూర్చుండిపోయాడు. మా అమ్మ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేసరికి హాలంతా వెలుగు నిండింది. ఆయన ముఖం చూడగానే ఆమెకు తెలిసిపోయింది. చెంగు కింద ఎడం చేయి దాచుకుంది.

"గీకమంటావా?" అంది.

"ఏంది గీకేది? నలభై ఏండ్లు ఆ మూలతో కుస్తీ పడితిని. మందు ఇంట్లోనే పెట్టుకోని." తరువాత గొంతు తగ్గించి అడిగాడు. "ఒక్క మాట చెప్పొచ్చు గదే."

"నేను ఆడనే ఉండా గదయ్యా, కింద. నువ్వు సున్నం కోసరం చెయ్యి చాపేవు గానీ, తలొంచి చూసినావా?"

మా నాయన లేచి వెళ్లి, చెంగు కింద నుంచి ఆ చేయి బయటికి తీసి, అరచెయ్యి తెరిచి చూశాడు. పొక్కులు మానినచోట చర్మం ఇంకా నున్నగా ఉంది. టిఫిన్ దగ్గర ఆ చరిత్ర చెప్పే అమ్మాయి కనబడితే మా నాయనే పిలిచి, ఆ గోడలో కుడి సగం తన భార్య చేసిందని, ఏనుగు కథ తరువాత ఇది కూడా చెప్పమని తమిళంలో గట్టిగా చెప్పాడు. పక్క బల్లల వాళ్లు తిరిగి చూశారు. మా అమ్మ సిగ్గుతో ఇడ్లీ మీద నుంచి తల ఎత్తలేదు. నేనైతే అందరి కళ్లలోకీ చూశాను.

నెల తరువాత సౌకార్‌పేటలో ఒక పాత వ్యాపారి ఇంటికి గార పని వచ్చింది. చూడాలని ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్లాను. గోడ కుడి మూల దాకా రాగానే మా నాయన నిచ్చెన దిగి, తన తండ్రి వాడిన నున్నరాయిని అమ్మ ఎడం చేతిలో పెట్టాడు. ఆమె పైకెక్కింది. వెనక్కి చూడకుండా కిందికి చేయి చాపింది. సున్నం తట్ట ఎత్తి ఆయన అందించాడు.