మగ్గం గుంతలో నీలం వైరు

మిత్రులారా, ఒకే నెట్‌ను డెస్క్‌టాప్‌కూ ల్యాప్‌టాప్‌కూ పంచడానికి ఇంట్లో నీలం వైరు లాగిన రోజులు గుర్తున్నాయా? గద్వాలలో మా ఇంట్లో అది ముందుగది డెస్క్‌టాప్ నుంచి నాయిన మగ్గం పక్కగా లోపలి గదిలో అక్క ల్యాప్‌టాప్ దాకా పోయేది.

ఓరోజు ఆ వైరును ఎలుక కొరికి తెంపింది. అక్క ఏడుపు మొహం పెట్టింది.

"పరేషాన్ ఎందుకు బిడ్డా? తెగిన పడుగు దారం అతుకుతలేనా?" అన్నాడు నాయిన.

పడుగు అతికేటప్పటిలాగే వేళ్లకు బూడిద అద్దుకుని, లోపలి సన్నటి వైర్లను రంగుకు రంగు కలిపి మెలేశాడు. పైన టేపు చుట్టాడు.

నెట్ రాలేదు.

నాయిన తన వేళ్లనే చూసుకుంటూ కూర్చున్నాడు. "వేళ్లల్ల పస పోయింది బిడ్డా. గందుకే చీరల గూడ అతుకులు కనవడ్తున్నయి." ఆ ఏడే మగ్గం దిగాడు. మళ్లీ ఎక్కలేదు.

నాయిన పోయిన ఇన్నేళ్లకు ఇవాళ మగ్గం విప్పిస్తుంటే, నాయిన కాళ్లు పెట్టుకునే గుంతలో ఆ వైరు దొరికింది. టేపు తీశాను. ఒక్కో అతుకు పట్టుదారంలా నున్నగా ఉంది. కానీ ఏ వైరుకూ పైనున్న ప్లాస్టిక్ తొడుగు తీయలేదు. లోపలి రాగి రాగిని తాకనే లేదు.

నీ వేళ్లకేం కాలేదు నాయినా అని ఇప్పుడు ఎవరికి చెప్పాలి?