చంద్రయ్య బండి వెనక సీటు

చంద్రయ్య చేతులకు ఒక అలవాటు ఉండేది. మెరిసే ఇనుము ఎక్కడ కనిపించినా అవి ఊరుకునేవి కావు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో, ఒక రేకుల షెడ్డులో ఆయన లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. షిఫ్టు అయిపోగానే ఇనుప రజను బ్రష్షుతో ఊడ్చి, మిషన్‌కి నూనె గుడ్డతో ఒక పూత పూస్తేగానీ చేతులు కడుక్కునేవాడు కాదు. నూనె తగలని ఇనుము తెల్లారేసరికి తుప్పు పడుతుందని పనిలో చేరిన కొత్తలో మేస్త్రీ చెప్పిన మాటను ఆయన షెడ్డులోనే వదిలిపెట్టకుండా ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. చిల్కానగర్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో కత్తిపీటకు నూనె, కత్తెరకు నూనె, గేటు బందులకు నూనె.

"ఇగ నాకొక్కదానికే పూయలే," అనేది ఆయన భార్య సారలమ్మ.

ఆయన పోయి ఏడాది దాటింది. ఆ గేటు ఇప్పటికీ చప్పుడు చేయదు.

చంద్రయ్య తన మొదటి బండి కొన్నది యాభై దాటాక. అంతకుముందంతా సైకిలే. చిల్కానగర్ నుంచి నాచారం ఎంత దూరమని? బండి లేదన్న బాధ ఆయనకు ఏనాడూ లేదు. ఆ ఆలోచన పుట్టింది సారలమ్మ మోకాళ్ల వల్ల. ఆమె మేడిపల్లిలో ఒక హాస్టల్లో వంట చేసేది. పొద్దున్నే ఉప్పల్ రింగ్ రోడ్డు దాకా నడవాలి. కిక్కిరిసిన బస్సులో నిలబడాలి. ఫ్లైఓవర్ పనుల వల్ల బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియదు కాబట్టి, దిగిన చోటి నుంచి మళ్లీ దుమ్ములో నడవాలి. సాయంత్రం ఇంటికి వచ్చి గడపలోనే కూలబడి కాళ్లు పిసుక్కుంటుంటే చంద్రయ్య చూసేవాడు. ఒకరోజు చూడలేక అన్నాడు.

"బండి కొంట. నిన్ను దింపి నేను డ్యూటీకి వోత."

"ఆడోళ్లకు ఫ్రీ బస్సున్నది. నీ బండి నాకెందుకయ్యా?"

"బస్సు ఫ్రీ. సీటు దొరకాలె గద. రోజు నిలవడే పోతున్నవ్."

"నిలవడుత. బండి మాత్రం ఎక్క."

ఆ మాట వెనక ఎవరున్నారో చంద్రయ్యకు తెలుసు. రాజలింగం. సారలమ్మ తమ్ముడు. చాలా ఏళ్ల కిందట ఒక సాయంత్రం వరంగల్ రోడ్డు మీద బండి పడి చనిపోయాడు. ఎట్లా పడ్డాడో ఎవరూ చూడలేదు. కుక్క అడ్డం వచ్చిందని ఒకరు, ఇసుక మీద జారిందని ఒకరు, బ్రేకు పడలేదని ఇంకొకరు అన్నారు. దినాల నాడు వచ్చినవాళ్లు తలా ఒక కారణం చెప్పి, భోంచేసి వెళ్లిపోయారు. ఆ కారణాలన్నీ సారలమ్మ దగ్గర మిగిలిపోయాయి. అప్పటి నుంచి ఆమె ఎవరి బండీ ఎక్కలేదు.

ఆమెతో వాదించి గెలవలేనని చంద్రయ్యకు ఎరుకే. భయపడటానికి ఏమీ మిగలని బండిని తెచ్చి ముందు నిలబెడితే, ఎప్పుడో ఒకప్పుడు తనే ఎక్కి కూర్చుంటుంది అనుకున్నాడు. ఆయన కోరికల్లా అదే.

షెడ్డు పక్కన మెకానిక్ రామస్వామి ఉండేవాడు. సంగతి చెప్పగానే రెంచీ కింద పెట్టి మరీ సలహా ఇచ్చాడు.

"పాత బండి సూడవోయేటప్పుడు, మేమొచ్చేదాంక స్టార్ట్ జెయ్యొద్దని చెప్పు అన్నా. పోంగనే ఇంజిన్ మీద చెయ్యి వెట్టు. సల్లగుండాలె. ఎచ్చగున్నదంటే పొద్దుగాల మొరాయిస్తదన్నట్టు. దాన్ని మనకు సూపియ్యొద్దని ముందే లేపి వెడ్తరు."

హబ్సిగూడలో గంగాధరరావు అనే ఆయన తన బండి అమ్ముతున్నాడని తెలిసింది. సైన్సు సంస్థలో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. చంద్రయ్య వెళ్లి నమస్కారం పెట్టి, కవరు తీసి, నేరుగా ఇంజిన్ మీద అరచెయ్యి ఆనించాడు.

"ఏంటండీ, దానికి జ్వరమేమైనా ఉందా?" అని నవ్వాడు గంగాధరరావు.

"లేదు సార్. సల్లగనే ఉన్నది."

"ఉంటుంది మరి. నా కళ్లకు శుక్లాలొచ్చాయని మా ఆవిడ తాళం దాచేసి చాలా రోజులైంది. నిన్ననే బ్యాటరీ మార్పించాను. కొట్టండి కిక్కు."

బండి కొంచెం దగ్గి, అందుకుంది. పొగ లేదు. హ్యాండిల్ వంకర లేదు. చాసిస్ నంబరూ ఆర్సీ మీది నంబరూ ఒకటే. టైర్ల గంట్లు కూడా లోతుగానే ఉన్నాయి. కానీ చంద్రయ్య బొటనవేలి గోరుతో నొక్కితే గోరు దిగలేదు. పక్కల సన్నని బీటలు.

"ఎండిపోయినయి సార్ టైర్లు."

"అరగలేదు కదండీ!"

"అరగలే. ముసలియైనయి."

"నాలాగే అన్నమాట," అని గంగాధరరావు ధర కొంత తగ్గించాడు. పేరు మార్పిడి కాగితాల మీద సంతకాలు పెట్టేదాకా ఇద్దరూ చాయ్ తాగుతూ కూర్చున్నారు.

బండి షెడ్డుకు వచ్చిన రోజు అందరికంటే హడావుడి పడ్డది సురేష్. చంద్రయ్య పక్క మిషన్ మీద పనిచేసే కుర్రవాడు.

"మామా, ముందుగాల సైలెన్సర్ మార్చు. ఊరంత వినవడాలె. ముంగట రెండు ఎల్ఈడీలు కొట్టియ్యి. ఎనక టైరు జర ఎడల్పుది ఎయ్యి, మస్తు లుక్కొస్తది."

"నేను మీ అత్తను కూసోవెట్టాలని సూస్తున్న. బెదిరియ్యాలని గాదు."

"అత్తకు లుక్కు అక్కర్లేదా?"

"మీ అత్తకు నేనే లుక్కు అనిపియ్యలే ఇంతవరకు. బండెట్ల అనిపిస్తది?"

షెడ్డంతా నవ్వింది. రామస్వామి మాత్రం సురేష్ చెప్పినవన్నీ కొట్టిపారేశాడు. బండిని ఆపేవి ముందు మార్చాలి, నడిపేవి ఆ తర్వాత, మిగతావి ఎప్పుడైనా చూసుకోవచ్చు అన్నాడు. అట్లాగే చేశారు. రెండు టైర్లు కొత్తవి వేశారు, అదీ కంపెనీ ఇచ్చిన కొలతలోనే. ముందు డిస్కు బ్రేకుకు ప్యాడ్లు, వెనక బ్రేకుకు షూలు మార్చారు. నల్లబడిన బ్రేకు ఆయిల్ తీసి కొత్తది పోశారు. చైను వదులై స్ప్రాకెట్ పళ్లు వంగిపోయి ఉంటే మొత్తం సెట్టే మార్చారు. అద్దాలు, క్లచ్ కేబుల్, ఇంజిన్ ఆయిల్. పైకి చూస్తే బండి ఏమీ మారలేదు. సురేష్ చూసి పెదవి విరిచాడు.

తర్వాతి పనులు చంద్రయ్య సొంత బుర్రలోంచి వచ్చినవి. చీర చక్రంలో పడకుండా పక్కన జాలీ గార్డు పెట్టించాడు. సీటు కింద ఇంకో పొర స్పాంజి వేయించాడు. బండితో వచ్చిన వెనక ఫుట్‌రెస్టు మీద కాలు పెడితే మోకాలు బాగా మడవాల్సి వస్తుంది. అది సారలమ్మకు పడదు. ఆమె పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, మోకాలు ఎంత మడిస్తే మొహం చిట్లించదో కొన్నాళ్లు గమనించాడు. ఆ లెక్కన మిషన్ మీద తానే ఒక ఫుట్‌రెస్టు తయారుచేశాడు.

"ఇంక కిందికి దించకన్నా, మలుపుల కాడ నేలకు గీసుకుంటది," అని రామస్వామి ఆపకపోతే ఇంకా దించేవాడే.

పూజ రోజు సారలమ్మ బండికి పసుపు కుంకుమ పెట్టింది, దండ వేసింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది. ఎక్కమంటే మాత్రం పళ్లెం తీసుకుని లోపలికి పోయింది. కొత్త హెల్మెట్ ఇస్తే తిప్పి తిప్పి చూసి, "బియ్యం కొలిసేటందుకు పనికొస్తది," అంది.

చంద్రయ్య బలవంతపెట్టలేదు. ఒక్కడే బండి మీద డ్యూటీకి పోయి వస్తున్నాడు. సాయంత్రం ఆమె గడపలో కాళ్లు పిసుక్కుంటుంటే, ఎదురుగా బండిని ఆపి తుడుస్తూ ఉండేవాడు.

వానాకాలం మొదలయ్యాక ఆమె కుడి మోకాలు వాచింది. ఒక రాత్రి అన్నం పెడుతూ, ఆయన వైపు చూడకుండానే అంది.

"రేపు రింగ్ రోడ్డు దాంక దింపు. గంతే. మేడిపల్లి దాంకనైతే నేను రాను."

చంద్రయ్య గబగబా తిని చెయ్యి కడుక్కున్నాడు. అప్పటికప్పుడు బయటికి వెళ్లి బండిని బకెట్లకొద్దీ నీళ్లు పోసి కడిగాడు. తెల్లవారి లేచి చూస్తే, ముందు చక్రం పక్కన మెరిసే గుండ్రటి డిస్కు మీద సన్నగా ఎర్రటి పొర కనిపించింది. తుప్పు! ఆ మనిషి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆలోచించాల్సిన పనే అనిపించలేదు. ముప్పై ఏళ్లుగా ప్రతి సాయంత్రం చేసిన పనే చేతులు చేసేశాయి. గుడ్డకు నాలుగు చుక్కలు అంటించి, డిస్కును రెండు వైపులా ప్రేమగా తుడిచాడు. అద్దంలా మెరిసింది.

సారలమ్మ హెల్మెట్ పెట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని, ఒక పక్కకు కూర్చుంది. ఆయన భుజం మీద ఆమె చెయ్యి పడింది. బండి కదిలింది. గల్లీలో వాళ్లింటి ఎదురుగా ఉండే మల్లవ్వ చాటలో బియ్యం చెరుగుతూ, "అబ్బో, సారలమ్మ సవారీ!" అని అరిచింది. సారలమ్మ నవ్విందో లేదో ఆయనకు కనబడలేదు. భుజం మీది చెయ్యి మాత్రం కొంచెం సడలింది.

గల్లీ మలుపులో నీళ్ల ట్యాంకర్ ఒకటి వెనక్కి వస్తోంది. చంద్రయ్య ముందు బ్రేకు పట్టాడు. లివర్ గట్టిగానే ఉంది. బండి ఆగలేదు. ఇంకా గట్టిగా పట్టాడు. సబ్బు మీద కాలేసినట్టు జారుకుంటూ పోయింది. కాలి బ్రేకు తొక్కాడు. వెనక చక్రం పక్కకు ఈడ్చుకుపోయింది. అక్కడ ఎవరో ఇల్లు కడుతూ ఇసుక పోశారు కాబట్టి సరిపోయింది. బండి ఆ కుప్పలోకి దూరి ఒరిగింది. సారలమ్మ ఇసుక మీద కూర్చుండిపోయింది.

దెబ్బలేమీ తగల్లేదు. ఆమె పెదవులు మాత్రం తెల్లబడ్డాయి.

గల్లీ జనం చేరారు. "టైరు జారింది," అన్నాడొకడు. "సెకండ్ హ్యాండ్ బండ్లు గింతే," అన్నాడు ఇంకొకడు. "ట్యాంకరోన్ని సూసి బుగులు వడ్డడు." "లే లే, కుక్క ఉరికింది, నేను సూసిన."

సారలమ్మ ఒక్కొక్కరి మొహం చూస్తోంది. చంద్రయ్యకు వాళ్ల మాటలకంటే ఆమె చూపు ఎక్కువ భయం పుట్టించింది. ఇవే మాటలు ఆమె ఇంతకుముందు ఎప్పుడు విన్నదో ఆయనకు తెలుసు.

"నువ్వు జెప్పు," అంది ఆమె. "ఎందుకు ఆగలే?"

"నాకు సమజయితలేదు సారలా."

అంతకంటే చెడ్డ జవాబు లేదని ఆ మాట నోట్లోంచి వచ్చాక అర్థమైంది. ఆమె మెల్లగా లేచింది. చీర దులుపుకుంది. ఇక జన్మలో ఈ బండి ఎక్కదు అనుకున్నాడు చంద్రయ్య. ఆమె వెళ్లిపోవడానికి తిరిగి, బండి ముందు ఆగింది. వంగి చూసింది.

"గిదేంది? చక్రానికున్న ఇసుకంత దులిపితే రాలిపోతున్నది. గీ పళ్లానికే గిట్ల అంటుకున్నదేంది?"

వేలితో డిస్కును గీసింది. రెండు వేళ్ల మధ్య రాసి చూసింది. ఇన్నేళ్లు వంట చేసిన వేళ్లు. వాసన చూడాల్సిన అవసరం కూడా రాలేదు.

"నూనె," అంది. తర్వాత భర్త వైపు తిరిగింది. "దీనికి గూడ వెట్టినవా?"

చంద్రయ్య తల వంచుకున్నాడు. "తుప్పు వట్టినట్టు కనవడ్డది..."

"పెంకకు నూనె రాస్తే రొట్టె వట్టుకోదు. గది నాకెరుక. ఇనుము పని జేసేటోనివి, నీకు ఎరుకలేదాయ్యా?"

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఎంతకీ ఆగకపోతే మల్లవ్వ చాట కింద పెట్టి పరుగెత్తుకొచ్చి, "ఏమాయె, నెత్తికి గిట్ల తాకిందా?" అని తల తడిమి చూసింది.

ఆ రోజు సారలమ్మ పనికి పోలేదు. బండిని నడిపించుకుంటూ నాచారం పోతున్న భర్తతో పాటు, కుంటుకుంటూనే రామస్వామి దగ్గరికి నడిచింది. దారిలో ఎక్కడా కూర్చోలేదు. రామస్వామి విని నుదురు కొట్టుకున్నాడు.

"అది తుప్పు గాదన్నా! నీళ్లు తాకితే రాత్రికి రాత్రి గట్లనే ఒస్తది. రెండుసార్లు బ్రేకు వడితే అదే పోతది. చైనుకు నూనె ఎయ్యి, స్టాండ్‌కు ఎయ్యి, నీకు తోచినకాడ ఎయ్యి. బ్రేకు జోలికి మాత్రం పోకు."

నూనె తాగిన ప్యాడ్లు ఇక పనికిరావని తీసి పక్కన పడేశాడు. సారలమ్మ ఒకటి తీసుకుని అరచేతిలో పెట్టుకుంది.

"గింతేనా? బండిని ఆపేది గిదేనా?"

"గదే వదినా. ఇటొకటి అటొకటి ఉండి ఆ పళ్లాన్ని పిసుకుతయి."

రామస్వామి డిస్కుకు క్లీనర్ కొట్టి, తెల్లబట్టకు మరక అంటనంతవరకు తుడిచి, కొత్త ప్యాడ్లు బిగిస్తుంటే ఆమె పక్కనే నిలబడి చూసింది. అంతా అయ్యాక నెమ్మదిగా అడిగింది.

"బండి పడ్డదంటే, ఏదో ఒకటి అయ్యే ఉంటదా? ఉత్తగనే పడదా?"

"ఉత్తగనే ఏది గాదు వదినా. ఒక్కోపాలి మనకు దొరకదు, గంతే."

ఆమె తల ఊపింది. ఆ పాత ప్యాడ్‌ను చాలాసేపు చేతిలోనే పట్టుకుంది. "మా తమ్మునికి గూడ గింతంతదేదో అయ్యుంటది," అంది, ఎవరితోనూ కాదన్నట్టు. రాజలింగం పేరెత్తితే ఏడవకుండా ఆమె ఒక మాట పూర్తి చేయడం చంద్రయ్య వినడం అదే మొదటిసారి.

ఇంటికి మాత్రం నడిచే వెళ్లింది.

మరునాడు పొద్దున చంద్రయ్య అడగలేదు. అడిగే మొహం ఆయనకు లేదు. బండి బయటికి తీస్తుంటే సారలమ్మ హెల్మెట్ పెట్టుకుని వచ్చింది. ఎక్కలేదు. బండి ముందుకు వెళ్లి, బ్రేకు లివర్‌ను రెండు చేతులతో పట్టుకుంది.

"ఎనక నుంచి నూకు."

"ఎందుకే?"

"నూకు అంటున్న గద."

నూకాడు. కదల్లేదు.

"గంతేనా నీ బలం? ఇంక గట్టిగ."

కాళ్లు తన్నిపెట్టి నూకాడు. చెప్పులు జారాయి గానీ బండి కదల్లేదు. ఎదురింట్లోంచి మల్లవ్వ, "పొద్దుగాల పొద్దుగాల ఏం సర్కస్ పెట్టిన్రు?" అంది. సారలమ్మ పట్టించుకోలేదు. తర్వాత కాలి బ్రేకు తొక్కి, మళ్లీ నూకమంది. అదీ అయ్యాక వచ్చి వెనక కూర్చుంది. ఈసారి భుజం మీద కాదు, ఆయన చొక్కాను నడుం దగ్గర గుప్పిటతో పట్టుకుంది.

చంద్రయ్య స్టార్ట్ చేసి, గల్లీ చివర దాకా నడిచేవాళ్ల కంటే నెమ్మదిగా పోనిచ్చాడు. రింగ్ రోడ్డు బస్టాపు వచ్చింది. ఆమె చెప్పిన మాట ప్రకారం పక్కకు తీసి ఆపాడు.

"ఆపినవేంది?" అంది సారలమ్మ.

"రింగ్ రోడ్డు దాంకనే అంటివి గద."

"గది మొన్నటి మాట. పోనియ్యి, ఆడ పోరగాండ్లకు టిఫిన్ ఆలస్యమైతది."