మా స్వప్న లెక్క, నా బకెట్టు కథ

నేను నోరు తెరిస్తే సగం నిజం, సగం మసాలా అని చిక్కడపల్లిలో అందరికీ తెలుసు. ఆ మసాలాయే మొన్న వేసవిలో మా అన్నయ్య కూతురు స్వప్నను నొప్పించింది.

అశోక్ నగర్‌లో ఒక హాస్టల్ మీద స్టీలు బీములతో మరో అంతస్తు లేపుతున్నారు. డిజైను స్వప్నది, ఇంజనీరుగా తన మొదటి పని. ఏసీ గొట్టాల కోసం బీములకు ఎక్కడ, ఎంత రంధ్రం పెడితే బలం తగ్గదో వారాల తరబడి లెక్కలు కట్టింది. ఒకరోజు సరదాగా నేనూ వెంట వెళ్లాను.

అప్పటికే మేస్త్రీ గ్యాస్ కట్టర్ వెలిగించి, పిల్లర్ పక్కనే బీముకు గురిపెట్టాడు.

“అన్నా, అక్కడొద్దు! పిల్లర్ దగ్గర కోస్తే బీము ఆగదు. నడుమ కోయండి,” అంది స్వప్న.

“గీడైతే పైపు సీదా పోతది మేడమ్. జరంత బొక్కకు ఏమైతది?”

స్వప్న డ్రాయింగు చూపించినా అతను చూడలేదు.

“ఆపవయ్యా! నారాయణగూడలో ఇలాగే కోస్తే, పైన స్నానం చేస్తున్న ఓనరు బకెట్టుతో సహా కిందింటి వంటగదిలోకి దిగాడు!” అని అరిచాను.

మంట ఆరింది. “ముందే చెప్పొద్దా సార్! యాడ కొయ్యాల్నో మీరే చూపియ్యుండ్రి,” అన్నాడు. స్వప్న గీసిన చోటునే వేలు పెట్టి చూపించాను.

తిరిగొస్తుంటే స్వప్న, “బాబాయ్, ఆ వేలు నా వైపు చూపించి ఉండొచ్చుగా?” అంది.

పని పూర్తయ్యేదాకా మేస్త్రీ ఏ సందేహం వచ్చినా నాకే ఫోన్ చేశాడు. “మేడమ్‌ను అడుగు,” అని ప్రతిసారీ చెప్పాను. ఆ మాట మొదటి రోజే చెప్పాల్సింది.