రేగొండ సాంబయ్య మీద పుట్టిన మాట

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీకు చెబుతున్నాను. జాలిపడేట్టయితే మాత్రం ఇక్కడితో చదవడం ఆపేయండి. జాలి నాకు పడదు.

అప్పట్లో టెంట్ హౌస్‌ల వాళ్లకు ఒక ఫోన్ యాప్ అమ్మేవాణ్ణి. ఏ ముహూర్తానికి ఏ ఊళ్లో పందిరి ఒప్పుకున్నారో అందులో ఎక్కిస్తే చాలు, అదే రోజు ఇంకొకరికి మాట ఇవ్వబోతే హెచ్చరిస్తుంది. మంచి ముహూర్తం పడితే మా దిక్కున ఊరూరా పెళ్లే కదా. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నా వంతు. "చూద్దాంలే" అన్నవాడి దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లడమే నా ఉద్యోగం. దానికి ఫాలో అప్ అని పేరు. పొద్దున మేనేజర్ తిట్టేవాడు, పగలంతా షాపుల వాళ్లు విసుక్కునేవాళ్లు. మొహానికి నవ్వు అతికించుకుని తిరిగేవాణ్ణి. లోపల అందరి మీదా మంటే.

భూపాలపల్లి దగ్గరి రేగొండలో సాంబయ్యకు టెంట్ హౌస్ ఉండేది. చుట్టుపక్కల పెళ్లి కుదిరితే పంతులు తర్వాత ఆయనకే కబురు వెళ్లేది. నేను ఎన్నిసార్లు వెళ్లినా, ఒప్పుకున్న ముహూర్తాలన్నీ నోటికి చెప్పి పంపించేసేవాడు. చివరిసారి మాత్రం, పందిరి మాట్లాడుకోవడానికి వచ్చిన పెళ్లివాళ్ల ముందే అన్నాడు: "చదువుకున్నోనివి, గిట్ల ఇల్లిల్లు తిరిగి అడుక్కునుడేంది?" వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను? దారి పొడుగునా పళ్లు కొరుక్కుంటూ జనగామ చేరాను.

మర్నాడు జనగామలో, కొనకుండా నాన్చుతున్న ఒక టెంట్ హౌస్ ఆయనకు కథ చెప్పాను. రేగొండ సాంబయ్య ఒకే ముహూర్తానికి రెండు ఊళ్లు ఒప్పుకున్నాడని, ఒక ఊరికి పందిరే వెళ్లలేదని, పెళ్లికొడుకు ఎండలో పీట మీద కూర్చున్నాడని. ఏదీ జరగలేదు. నోటికొచ్చింది, చెప్పాను. ఆయన భయపడి అప్పటికప్పుడే యాప్ పెట్టించుకున్నాడు.

అక్కడితో ఆగి ఉంటే? ఆగలేదు. మహబూబాబాద్‌లో చెప్పాను. బయ్యారంలో చెప్పాను. డోర్నకల్ చేరేసరికి పెళ్లికూతురి తల్లి ఏడుపు కూడా చేర్చాను. ఇన్నాళ్లూ అదంతా ఉద్యోగం ఒత్తిడి అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. చెబుతుంటే హాయిగా ఉండేది. ఆయన పేరు చెడగొట్టిన ప్రతిసారీ ఆ పెళ్లివాళ్ల నవ్వు నా చెవుల్లో కొంచెం అణిగేది.

టెంట్ హౌస్‌ల వాళ్లు కుర్చీలు, వంటగిన్నెలు తక్కువపడితే ఒకరి దగ్గర ఒకరు తెచ్చుకుంటారు. ఆ సామానుతో పాటే నా కథ రేగొండ చేరింది. పందిరి రాదేమోనన్న అనుమానం ఒకసారి పడితే ఆడపిల్లవాళ్లు ఆ గడప తొక్కుతారా? వేరే చూసుకున్నామంటూ ఒక్కొక్కరే తప్పుకున్నారు.

ఒకరోజు సాంబయ్యే ఫోన్ చేసి రమ్మన్నాడు. వెళ్లాను. కుర్చీలు గోడ వెంట దొంతర్లుగా పేర్చి ఉన్నాయి. పెళ్లిళ్ల రోజులవి. ఆ రోజుల్లో అవి అక్కడ ఉండకూడదు.

"తమ్మీ, గా యాప్ నాకు పెట్టు," అన్నాడు.

"నీకెందుకన్నా? అన్నీ యాదికుంటయి గద," అన్నాను.

"నాకు యాదికుంటె సరిపోతదా? జనం నమ్మాలె. రెండు లగ్గాలు ఒప్పుకున్ననని ఎవడో మాట పుట్టిచ్చిండు. ఏ ఊర్లె, ఎవరి లగ్గం అంటే ఎవ్వడు చెప్పడు." తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. "నువ్వు అన్ని ఊర్లు తిరుగుతవ్. గా మాట ఎవడు పుట్టిచ్చిండో జర తెలుసుకో."

"తెలుసుకుంట అన్నా," అన్నాను.

ఆయన ఫోన్‌లో యాప్ పెట్టాను. వాడే పద్ధతి ఓపిగ్గా నేర్పాను. ఎక్కించడానికి ఒక్క పెళ్లి కూడా లేదు. ఆ సాయంత్రం మేనేజర్ నన్ను మెచ్చుకున్నాడు.

ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఊరందర్నీ అనుమానించినవాడు నన్నొక్కణ్ణి ఎందుకు నమ్మాడు? ఆ రోజే నా చొక్కా పట్టుకుని ఉంటే నాకీ బరువు ఉండేది కాదు. చూశారా, ఇప్పుడు కూడా తప్పు ఆయన మీదికే తోస్తున్నాను.

తర్వాతి పెళ్లిళ్ల నాటికి ఆయన సామానంతా అమ్మేశాడు. కొన్నది ఆ జనగామ ఆయనే. పోయిన మాఘంలో భూపాలపల్లిలో ఒక పెళ్లికి వెళితే, పందిరి కింద సాంబయ్య కూలికి కుర్చీలు వేస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. భుజం మీది తువ్వాలతో ఒక కుర్చీ తుడిచి నాకు వేశాడు. "తెలిసిందా తమ్మీ?" అని అడిగాడు. లేదని తలూపాను. ఆ కుర్చీలోనే కూర్చున్నాను. భోజనం కూడా చేశాను.

ఇది ఆయన చదవడు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. పిరికివాడినంటే అనండి, నాకేం కొత్త కాదు. ఆయనకు ఇవ్వాల్సిన జవాబు మీకిస్తే చెల్లదనీ తెలుసు. అయినా ఒక్కసారి అనేస్తే ఈ గొంతు కాస్త తెరుచుకుంటుంది.

తెలిసిందన్నా. గా మాట పుట్టిచ్చింది నేనే.