నేను కాచిన కషాయాలు, బాపు తాగిన కల్లు

అన్న మహబూబ్‌నగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పనిచేసేవాడు. ఎవరో వద్దని వదిలేసిన పాత కంప్యూటర్‌ను సరిచేసి ఇంటికి తెచ్చాడు. అందులో ఒక ఆట ఉంది. కత్తులు, కోటలు, మంచుకొండలు, మనిషికి మూడింతలుండే రాక్షసులు. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్త రోజులు అవి. మాది మక్తల్ దగ్గర ఊరు, నేను డిగ్రీ చదువుతున్నాను. ఆటలో అన్న ఎప్పుడూ గొడ్డలి పట్టుకుని తలకాయలు నరికేవాడు. నాకు గొడ్డలి చేతకాలేదు. నరకబోయిన ప్రతిసారీ నేనే చచ్చేదాన్ని. అందుకని రసవాదం పట్టుకున్నాను.

రసవాదమంటే పెద్ద విద్యేమీ కాదు, కషాయాలు కాయడం. కొండల మీద పూలుంటాయి, గుహల్లో పుట్టగొడుగులుంటాయి, చంపిన తోడేలు కోరలుంటాయి. అన్నీ ఏరి సంచిలో వేసుకోవాలి. ప్రతిదానికీ కొన్ని గుణాలుంటాయి కానీ పైకి కనిపించవు. చిటికెడు నోట్లో వేసుకుంటే ఒక గుణం బయటపడుతుంది. ఒకే మంచి గుణమున్న రెంటిని కలిపి కాస్తే మందవుతుంది: గాయం మాన్పేది, ఆయాసం తీర్చేది, నిప్పును తట్టుకోనిచ్చేది. చెడ్డ గుణమున్నవి రెండు కలిస్తే విషం. దాన్ని బాణం మొనకు పూసి కొడితే ఎంతటి రాక్షసుడైనా కొయ్యబారి పడిపోతాడు. వాడు లేచేలోపు ఎన్ని పోట్లయినా పొడవొచ్చు. నేను చాలా ఇష్టంగా పొడిచేదాన్ని. బస్సులో నా మీద చేతులు వేసినవాళ్ల మొహాలు తలుచుకుని మరీ పొడిచేదాన్ని.

ఒక్కటే చిక్కు. గాయం మాన్పే ఆకులో కాస్త విషగుణం కూడా ఉందనుకోండి, ఆ మందు ఒక పక్క బాగుచేస్తూ ఇంకో పక్క పాడుచేస్తుంది. అందుకని చెడ్డ గుణం లేని సరుకులే వెతికి వెతికి తెచ్చేదాన్ని. కల్తీ లేని మందే బలమైన మందు అని ఆ ఆట నా బుర్రకెక్కించింది. అమ్మ వెనక నిలబడి, ఇంట్లో పొయ్యి మొహం చూడనిదానివి అందులో మాత్రం ఎన్ని పొయ్యిలు ముట్టిస్తావే అని ఎక్కిరించేది.

బాపు గోడలు కట్టే సుతారి మేస్త్రి. పొద్దంతా ఇటుకలు, సిమెంటు. పొద్దుగూకితే కల్లు దుకాణం. రెండు సీసాలు తాగి వచ్చి అన్నం తిని పడుకునేవాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. తాగొచ్చి పెండ్లాలను కొట్టే మొగుళ్ల ముచ్చట వస్తే అమ్మ కాస్త తలెత్తుకునే కూర్చునేది. ఆ సీసాల్లో చెట్టు కల్లు పేరుకే, అంతా పొడి కలిపిన నీళ్లేనని ఊరందరికీ తెలుసు. ఏం పొడి, ఎంత పొడి అని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఒకరోజు సర్కారు వాళ్లు వచ్చి దుకాణానికి తాళం వేసిపోయారు. అమ్మ సంబరపడింది. ఆ సంబరం రెండు రోజులు కూడా నిలవలేదు. బాపు చేతులు వణకడం మొదలైంది. కంటికి నిద్ర లేకుండా పోయింది. గోడ నిండా చీమలు పాకుతున్నాయంటూ అరచేతులతో గోడను బాది బాది నెత్తురు కార్చుకున్నాడు. వెనక వీధిలో ఒకాయన సొంత తమ్ముడి చెవి కొరికేశాడు. ఎదురింటాయన నల్లా దగ్గర మూర్ఛ వచ్చి పడి, తల పగిలి, అక్కడే ప్రాణం వదిలాడు. ఆ పాడె లేచాక అమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. బాపు కూడా అట్లాగే పోతాడని ఆమె భయం. నాదీ అదే భయం.

కల్లు లేకనే ఇదంతా, కల్లు కడుపులో పడితే సర్దుకుంటుందని వాడకట్టు ఆడవాళ్లంతా ఒకటే మాట. పొడి కల్లుకే మనిషి నిలబడితే, చెట్టు మీంచి దించిన అసలు కల్లుకు ఇంకెంత నిలబడాలి? నా ఆట లెక్కలోనూ అది సరిగ్గా సరిపోయింది. అమ్మ తెల్లవారకముందే ఈతవనానికి నడిచిపోయి, అప్పుడే దించిన కల్లును మట్టి లొట్టి నిండా పోయించుకుని, ఒలకకుండా రెండు చేతులతో పట్టుకుని వచ్చింది.

బాపు మంచం మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ గిలాసలో పోసి నోటికి అందించింది. రెండు గుక్కలు మింగాడు. మూడోది ఉమ్మేశాడు.

"గిది కల్లు కాదు. నన్ను సంపెతందుకు ఏం కలిపి తెచ్చినవే?"

చెట్టు కల్లే, జర తాగమని అమ్మ బతిమాలుతుండగానే లొట్టి ఆమె ముఖం మీద పగిలింది. కల్లూ నెత్తురూ కలిసి మెడ మీదకు కారాయి. జుట్టు పట్టుకుని తలను గోడకేసి కొట్టాడు. కింద పడ్డదాని ఛాతీ మీద మోకాలు పెట్టి గొంతు పట్టుకున్నాడు. ఇటుకలు మోసి మోసి మొద్దుబారిన చేతులు. అన్న వెనక నుంచి నడుం పట్టి లాగితే మోచేత్తో మూతి మీద ఒకటిచ్చాడు, అన్న పన్ను ఊడి నా కాళ్ల దగ్గర పడింది. అమ్మ కళ్లు తేలేస్తోంది. పక్క గదిలో కంప్యూటర్ నడుస్తూనే ఉంది. అందులో నా సంచి నిండా మనిషిని ఉన్నచోటే పడేసే కషాయాలు. ఇక్కడ నా చేతికందింది రోకలి.

బాపు ముంజేతి మీద బలంకొద్దీ వేశాను. ఎముక విరిగిన చప్పుడు వినపడింది. అయినా పట్టు వదల్లేదు. విరిగిన చోటే మళ్లీ వేశాను. అప్పుడు వదిలాడు. ఇవాళ అదే పరిస్థితి వచ్చినా అదే రోకలి ఎత్తుతాను, అందులో నాకు అనుమానం లేదు.

అమ్మ చీరతోనే బాపు కాళ్లూ చేతులూ కట్టి, ఆటోలో వేసి దవాఖానకు తీసుకుపోయాం. అక్కడ వరండా పొడుగునా మా బాపులాంటివాళ్లే. మంచాలకు కట్టేసి ఉన్నా తలలు బాదుకుంటున్నారు, విప్పబోయిన చేతిని కొరుకుతున్నారు. డాక్టరమ్మ ఆ కల్లులో ఏం కలుపుతారని అడిగింది. ఏదో పొడి అన్నాం. ఏ పేరుదైనా అది మత్తు పొడేనని, ఒళ్లు అడుగుతున్నది కల్లును కాదని, ఆ పొడినని చెప్పింది. ఏళ్ల తరబడి అలవాటైనదాన్ని ఒక్కసారిగా ఆపితే ఫిట్సొస్తాయి, మతి పోతుంది, ప్రాణమే పోవచ్చు. ఇప్పుడు ఆ జాతి గోలీలే ఇచ్చి మెల్లగా తగ్గించాలని చెప్పింది.

అమ్మ గొంతు మీద వేళ్ల ముద్రలు నీలంగా తేలి ఉన్నాయి. "మల్ల గా ఇసమే ఇయ్యాల్నా?" అని అడిగింది.

ఇవ్వాల్సిందేనంది డాక్టరమ్మ. నాకు ఒళ్లు మండిపోయింది. మా బాపు కడుపులో ఇరవై ఏళ్లు పోసినదాని పేరు ఎవరికీ తెలియదు. రోకలి దెబ్బ ఆ పొడి కలిపిన చేతుల మీద పడాల్సింది. పడింది మాత్రం మా బాపు చేతి మీద.

గోలీలు నేనే దగ్గర పెట్టుకుని ఇచ్చాను. మొదట నిండు గోలీ, తర్వాత సగం, తర్వాత పావు. ఆ నెలలంతా ఆటలోనూ ఊరికే ఉండలేకపోయాను. దేశమంతా తిరిగి విషం కాచుకొచ్చి, మందులమ్మే వ్యాపారిని దుకాణంలోనే పొడిచి చంపేదాన్ని. పాపం, వాడు నాకేమీ చేయలేదు. కోట కాపలావాళ్లు వచ్చి నన్ను పట్టుకుని జైల్లో వేసేవాళ్లు. ఆటలోనైనా పట్టుకునేవాళ్లున్నారు, మా ఊళ్లో ఎవరినీ పట్టుకోలేదు. కొన్నాళ్లకు కల్లు దుకాణం ఇంకొకరి పేరుతో తెరుచుకుంది.

బాపు మళ్లీ అటు పోలేదు. గోడ మీద చీమలు పోయాయి, చెయ్యి కాస్త వంకరగా అతుక్కుంది, మళ్లీ తాపీ పట్టి పనికి పోయాడు. మాకు అదృష్టం కలిసొచ్చిందని అందరూ అన్నారు. నిజమే, మనిషి దక్కాడు. కానీ అమ్మ ఆయనకు వీపు చూపించడం మానేసింది. పొయ్యిని ఇటు తిప్పి, ఆయన వైపు ముఖం పెట్టి వండేది. ఆయన నీళ్ల గిలాస కోసం చెయ్యి చాపితే ఆమె చెయ్యి తన గొంతు మీదకు పోయేది. అది ఆమెకు తెలిసేది కాదు. బాపుకు తెలిసేది.

ఒక మధ్యాహ్నం బాపు అన్నం ముందు కూర్చున్నాడు.

"నేను కొట్టినట్టు నాకు జరంత గూడ యాదికి లేదు" అన్నాడు.

అమ్మ చారు పోస్తూ ఆగింది. "నాకున్నది" అంది.

బాపు కంచం తీసుకుని బయటికి పోయి అరుగు మీద కూర్చుని తిన్నాడు. ఇన్నేళ్లయినా అక్కడే తింటున్నాడు. అమ్మ కంచం గడప మీద పెట్టి లోపలికి వస్తుంది. ఆమె లోపలికి వచ్చేదాకా ఆగి, అప్పుడు తీసుకుంటాడు.